ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలి?

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఎంజీబీఎస్ దాటాక వచ్చే స్టేషన్ పేరు ఉస్మానియా మెడికల్ కాలేజీ. ఆ కాలేజీకి మూలం 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలు. 1880ల చివర్లో ఆ స్కూల్లో జరిగిన పరిశోధన గురించి లండన్, ఎడిన్‌బరో డాక్టర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వైద్య పరిశోధనకు డబ్బు ఇచ్చేది ఒకరు, ఆ డబ్బుతో ఏం తేల్చాలో నిర్ణయించే కమిటీలో కూర్చునేది మరొకరు. ఆ రెండో వాళ్లను ఎలా ఎంచుకోవాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, దాని మీద మనుషుల ప్రాణాలే ఆధారపడతాయని ఆ కథ చెబుతుంది.

అప్పట్లో ఆపరేషన్లకు మత్తు ఇవ్వడానికి క్లోరోఫామ్ వాడేవారు. మత్తులో ఉన్న రోగి ఒక్కోసారి బల్ల మీదే హఠాత్తుగా చనిపోయేవాడు. గుండె ఆగి పోతున్నాడా, ఊపిరి ఆగి పోతున్నాడా అన్నది తేలలేదు. గుండె అయితే మత్తు ఇచ్చేవాడు నాడి పట్టుకుని ఉండాలి. ఊపిరి అయితే శ్వాస మీదే కన్నేసి ఉంచాలి. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూలు అధిపతి ఎడ్వర్డ్ లారీకి ఈ విషయంలో అనుమానమే లేదు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్నవాడు. శ్వాసను చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదన్నది గురువు మాట. శిష్యుడికి అదే వేదం. 1888లో తన కింద పనిచేసేవాళ్లతోనే లారీ ఒక కమిషన్ వేయించాడు. అది ఆయన మాటే నిజమని తేల్చింది. లండన్ నుంచి వెలువడే ‘లాన్సెట్’ వైద్య పత్రిక ఒప్పుకోలేదు. కుక్కల మీద చేసిన ప్రయోగాలతో ఇంత పెద్ద మాట ఎలా అంటారని నిలదీసింది.

అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఒక పని చేసింది. అది ఈనాటికీ మెచ్చుకోదగ్గది. వెయ్యి పౌండ్లు ఇస్తాం, మీకు నమ్మకమున్న నిపుణుణ్ణి మీరే ఎంచి పంపండి అని లాన్సెట్‌కే కబురు చేసింది. లాన్సెట్ ఎంచుకున్నది టి. లాడర్ బ్రంటన్‌ని. మందుల పనితీరు మీద ఆనాటి బ్రిటన్‌లో ఆయనకు మించిన పేరు లేదు. పైగా లారీ వాదనను నమ్మనివాడు. 1889లో ఆయన హైదరాబాద్ వచ్చాడు. రెండో కమిషన్ కూర్చుంది. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే, దాని మీద సన్నని ముల్లు రక్తపోటును గీత గీసేది. శ్వాస ఎప్పుడు ఆగింది, గుండె ఎప్పుడు ఆగింది అన్నది ఆ గీతలో కళ్లకు కనిపించేది. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకున్నాడు. గుండెకు నేరుగా ప్రమాదమేమీ లేదని లండన్‌కు టెలిగ్రాం కొట్టాడు. 1890లో నివేదిక అచ్చయింది.

ఆ నివేదిక తప్పు.

1911లో గుడ్‌మన్ లెవీ అనే లండన్ డాక్టరు పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి బయటపడింది. మత్తు ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా ఉన్నప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. రోగి పూర్తిగా నిద్రలోకి జారకముందు, భయంతోనో నొప్పితోనో శరీరంలో అడ్రినలిన్ ఎగదన్నినప్పుడు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. హైదరాబాద్ కమిషన్ దృష్టి ఎక్కువగా మోతాదు మించితే ఏమవుతుందన్నదాని మీదే ఉంది. తేలిక మత్తులో దాగిన ఈ ముప్పు ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఎవరికీ పట్టుబడలేదు.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది లారీ మొండితనం దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం కమిటీ కూర్పే ముఖ్యంగా కనిపిస్తుంది. డబ్బు ఇచ్చినవారు నిజాయితీగానే ఉన్నారు. వ్యతిరేకిని పిలిచారు. పిలిచిన నిపుణుడు గొప్పవాడే. కానీ రెండో కమిషన్‌కు అధ్యక్షుడు ఎవరు? స్వయంగా ఎడ్వర్డ్ లారీ. విచారణ నడిచింది ఆయన నేతృత్వంలోనే. బయటి నుంచి వచ్చిన ఒక్క మనిషి, ఎంత మేధావి అయినా, ఆ గదిలో వేసిన ప్రశ్నకే జవాబు వెతకగలిగాడు. ఇదే స్కూల్లో చదివి, ఆ రోజుల్లోనే మత్తు వైద్యురాలిగా ఎదిగిన రూపాబాయి ఫర్దూన్‌జీ లాంటివాళ్లు రోజూ రోగి పక్కన నిలబడి మత్తు ఇచ్చారు. రూపాబాయికి కమిషన్ సభ్యత్వం రాలేదు.

ఇప్పుడు పరిశోధన డబ్బు ఒక రాజుగారి చేతుల్లో లేదు. 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ పుట్టింది. 1949లో అదే భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ అయింది. 2023 నాటి చట్టంతో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగానే ఇండియా అలయన్స్ ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపే సంస్థ ఇది. శాస్త్రవేత్తలకూ, పరిశోధన చేయాలనుకునే డాక్టర్లకూ ఏళ్ల తరబడి సాగే ఫెలోషిప్పులు ఇస్తుంది. దీని తర్వాతి దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మొత్తం రూ. 1,500 కోట్లు, అందులో వెల్‌కమ్ వాటా 500 కోట్లు. బంజారాహిల్స్ వైపు ఆఫీసు, ఢిల్లీలో ఆమోదం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద నీట్ పుస్తకాలతో కూర్చున్న పిల్లల్లో కొందరికి పదిహేనేళ్ల తర్వాత ఈ డబ్బుతోనే పని పడుతుంది.

దరఖాస్తు ఎలా ప్రయాణిస్తుందో చూద్దాం. ముందు చిన్న రూపంలో పంపాలి. వడపోతలో నిలిస్తే పూర్తి ప్రణాళిక రాయాలి. దాన్ని అదే రంగంలో ఉన్న బయటి నిపుణులకు పంపి రాతపూర్వకంగా అభిప్రాయం అడుగుతారు. చివరికి కమిటీ ముందు ఇంటర్వ్యూ. ఇండియా అలయన్స్ పద్ధతి స్థూలంగా ఇది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో అభ్యర్థిని పిలవరు, కాగితాలే మాట్లాడతాయి. ఒక్కో దరఖాస్తును ముగ్గురు సభ్యులు క్షుణ్ణంగా చదివి వస్తారు. మిగతావాళ్లు వాళ్ల మాట విని, ప్రశ్నలడిగి, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె వేస్తారు. ఒకటి అంటే అద్భుతం. మూడేళ్ల కష్టం మీద చర్చ సాధారణంగా పావుగంటకు మించదు. ఆ పావుగంటలో ఒక సభ్యుడు గొంతు సవరించుకుని ‘ఈ పద్ధతి మా దగ్గర పనిచేయలేదండీ’ అన్నాడంటే గదిలో గాలి మారిపోతుంది. ఆ మాట అన్నది ఎవరన్నది అందుకే ముఖ్యం.

నిపుణులు నిజంగా ఏకాభిప్రాయానికి వస్తారా? దీన్ని కొలిచినవాళ్లున్నారు. 2018లో అమెరికాలో ఒక బృందం ఎన్‌ఐహెచ్‌కు వచ్చిన 25 దరఖాస్తులను 43 మంది నిపుణులకు ఇచ్చింది. ఒకే దరఖాస్తుకు ఇద్దరు నిపుణులు వేసిన అంకెలకూ, వేర్వేరు దరఖాస్తులకు వేసిన అంకెలకూ పొంతనలో చెప్పుకోదగ్గ తేడానే కనిపించలేదు. అంతకుముందు 2011లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి మార్కులను విశ్లేషించారు. దాదాపు తొమ్మిది శాతం దరఖాస్తులు ఏ కమిటీ కూర్చున్నా గట్టెక్కుతాయి. అరవై శాతం పైగా ఏ కమిటీ కూర్చున్నా పోతాయి. మధ్యలో ఉన్న 29 శాతం తలరాత, ఆ రోజు ఎవరు కూర్చున్నారన్నదాని మీద ఉంటుంది. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి ఈ చిక్కును దాచకుండా ఒప్పుకుంది. 2013 నుంచి ఒక తరహా గ్రాంట్లకు, అర్హత తేల్చాక, చీటీలు తీసి ఇస్తూ వచ్చింది. నాకిది నచ్చింది. తేడా చెప్పలేని చోట చెప్పగలమని నటించడం కంటే చీటీ నయం.

స్వీడన్‌లో బయటపడ్డది ఇంకా చేదు నిజం. 1995లో అక్కడి వైద్య పరిశోధన మండలికి వచ్చిన 114 ఫెలోషిప్ దరఖాస్తుల మార్కుల చీటీలను క్రిస్టీన్ వెనెరోస్, ఆగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సంపాదించారు. ప్రభుత్వ కాగితాలు ప్రజలకు చూపాలన్న చట్టం వారికి తోడైంది. లెక్క తీస్తే, సగటు పురుషుడితో సమానంగా మార్కులు రావాలంటే మహిళకు రెండున్నర రెట్ల ప్రతిభ ఉండాల్సి వస్తోంది. రెండో సంగతి మన చర్చకు మరీ ముఖ్యం. కమిటీ సభ్యుల్లో ఎవరితోనైనా సంబంధం ఉన్న అభ్యర్థికి మిగతా సభ్యులు ఎక్కువ మార్కులు వేశారు. సంబంధం ఉన్న సభ్యుడు నిబంధన ప్రకారం మార్కులు వేయలేదు. అయినా అతని మనిషి అన్న మొహమాటం బల్ల చుట్టూ పనిచేసింది. 1997లో ‘నేచర్’ పత్రిక వారి వ్యాసాన్ని అచ్చువేసింది. బంధుప్రీతి ఉంటే బయటికి వెళ్లండి అన్న ఒక్క నియమం సరిపోదని అప్పుడు తేలింది.

అలాగని తెలిసినవాళ్లనందరినీ తప్పిస్తే? డేనియెల్ లీ అనే ఆర్థికవేత్త ఎన్‌ఐహెచ్ రికార్డులను తవ్వి 2017లో దీనికి జవాబు చెప్పారు. అభ్యర్థి చేసే పనికి దగ్గరగా ఉన్న సభ్యుడికి పక్షపాతమూ ఎక్కువే, పరిజ్ఞానమూ ఎక్కువే. వాళ్లను పూర్తిగా తీసేస్తే మంచి పరిశోధనను గుర్తుపట్టే శక్తే తగ్గిపోతుంది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి సంగతి నిజంగా తెలిసేది ఆ ఊళ్లో ఉన్న మేనమామకే. ఆయనకు అబ్బాయి మీద అభిమానమూ ఉంటుంది. ఏమీ తెలియని మూడో ఊరి మనిషిని అడిగి లాభం లేదు. మేనమామ చెప్పింది విని, మరో ఇద్దరిని వాకబు చేస్తాం. కమిటీ కూర్పూ అంతే. దగ్గరివాడు ఉండాలి, అధ్యక్షుడు మాత్రం అతను కాకూడదు, అతని మాట ఒక్కటే చెల్లకూడదు. లారీ కమిషన్‌లో తప్పిపోయింది సరిగ్గా ఇదే.

ఇక నైపుణ్యం అంటే ఏమిటి? ఇక్కడ ఎల్‌బీ నగర్ చౌరస్తాకు రావాలి. విజయవాడ హైవే నగరంలోకి వచ్చేది ఇటే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు ఇక్కడే మనుషులను దింపుతాయి. చేతిలో ఎక్స్‌రే కవర్లతో దిగే వాళ్లూ ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, వనస్థలిపురం కాలనీల్లో నల్గొండ కుటుంబాలు ఎన్నో. ఆ జిల్లాకు ఒక వ్యాధి పేరు శాపంలా అంటుకుంది. అది ఫ్లోరోసిస్.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ల మీద పళ్లు పసుపుబారతాయి, తర్వాత ఎముకలు బిగుసుకుపోతాయి. మన దేశంలో దీన్ని తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో. అదీ తెలుగు నేల మీదే. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండి, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి ప్రాంతంలో. 1970ల్లో నల్గొండ పల్లెల్లో కొత్త రూపం కనిపించింది. ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగులుకునేవి, పాదాలు దూరంగా జరిగిపోయేవి. నడుస్తుంటే మోకాలు మోకాలు రాసుకునేది. తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో దీని గురించి రాశారు.

అప్పటికి ఫ్లోరైడ్ ఆ నీళ్లలో తరతరాలుగా ఉంది. మరి ఈ రూపం ఇప్పుడే ఎందుకు వచ్చింది? ఆ సంస్థ శాస్త్రవేత్తలు ఊళ్లలో పండే జొన్నను, వరిని, సజ్జను పరీక్షించారు. వాటిలో రాగి లోహం, మాలిబ్డినం పాళ్లు లెక్కగట్టారు. మాలిబ్డినం ఎక్కువైతే శరీరం రాగిని కోల్పోతుంది, రాగి తగ్గితే ఎముక మెత్తబడుతుంది. నాగార్జునసాగర్ నీళ్లతో భూగర్భ జలమట్టం పెరిగి నేల స్వభావమే మారడం కారణం కావచ్చన్న ఊహా ముందుకొచ్చింది. ఊహ ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. ఎముకల డాక్టర్లు మాత్రమే ఉన్న కమిటీ ముందుకు ‘జొన్న గింజల్లో మాలిబ్డినం కొలుస్తాం, డబ్బివ్వండి’ అన్న దరఖాస్తు వస్తే దాని గతి ఏమిటి? ఇది వైద్యమేనా అని అడిగి పక్కన పడేస్తారు. ఆ కమిటీలో ఒక పోషకాహార నిపుణుడు, ఒక భూగర్భ జలాల శాస్త్రవేత్త, ఒక వ్యవసాయ శాస్త్రవేత్త ఉంటేనే ఆ ప్రశ్నకు బతుకు.

మరో మోకాలి సంగతి. ఇది ఏ మారుమూల ఊరిదో కాదు, కొత్తపేట, చైతన్యపురి ఇళ్లలో యాభై దాటిన ఆడవాళ్లలో చాలామందిది. మోకాళ్ల అరుగుదల. మెట్రో స్టేషన్‌కు మెట్లెక్కేటప్పుడు ఒక చేత్తో రెయిలింగ్, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి ఎక్కే ఆమె మనకు తెలిసినావిడే. 2000లో బ్రిటన్ పరిశోధకులు ఈ వ్యాధి మీద జరిగిన ట్రయల్స్‌నూ, రోగులు ఏం కోరుతున్నారన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ట్రయల్స్‌లో 80 శాతం పైగా మందుల మీదే. మందుల మీద ఇంకా పరిశోధన కావాలన్న రోగులు తొమ్మిది శాతమే. నొప్పితో రోజు ఎలా గడపాలి, ఆపరేషన్ ఎవరికి, ఎప్పుడు మంచిది అన్నవి వాళ్ల ప్రశ్నలు. ఆ ప్రశ్నలు కమిటీ దాకా రాలేదు. మోసుకొచ్చే మనిషి అక్కడ లేకపోవడమే కారణం.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. ఎల్‌బీ నగర్ ప్రాంతంలో మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు ఇంటి దగ్గర చేయించే వ్యాయామం పనిచేస్తుందా అన్న పరిశోధనకు ప్యానెల్ కావాలి. ఎవరిని పిలుస్తాం? వందల మోకీళ్లు మార్చిన సర్జన్ కావాలి, అయితే వ్యాయామం గెలిస్తే ఆయన ఆపరేషన్లు తగ్గుతాయన్నది అందరి ముందూ రాసిపెట్టాలి. ఫిజియోథెరపిస్ట్ కావాలి, ఆయన మొగ్గు ఇటు ఉంటుంది. ఎంతమందిని తీసుకుంటే ఫలితం నమ్మొచ్చో చెప్పే గణాంక నిపుణుడు తప్పనిసరి. చాలా ప్యానెళ్లు ఆఖర్న గుర్తుచేసుకునేది ఈయన్నే. కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తకు పేరు నమోదు చేయించుకున్నవాళ్లు మూడో వారం ఎందుకు మానేస్తారో తెలుసు. ఆ విషయం ఏ ప్రొఫెసరుకూ తెలియదు. ఆ మెట్లు ఎక్కే ఆవిడ కూడా ఉండాలి, ఓటుతో ఉండాలి. వీళ్లెవరితోనూ కలిసి పనిచేయని, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన వ్యక్తి అధ్యక్షుడు కావాలి. ఇద్దరైనా నలభై దాటని వాళ్లుండాలి, మహిళలు సగానికి తగ్గకూడదు.

రోగికి ఓటా అని ఆశ్చర్యపోయేవాళ్లు అమెరికా సైనిక శాఖ నడిపే రొమ్ము క్యాన్సర్ పరిశోధన కార్యక్రమాన్ని చూడాలి. 1990ల నుంచీ అక్కడ క్యాన్సర్‌ను ఎదుర్కొని బతికిన మహిళలు శాస్త్రవేత్తల పక్కన కూర్చుని, సమానంగా మార్కులు వేస్తున్నారు. మన దేశంలోనూ బీజం ఉంది. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. ఒక సామాన్యుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు తప్పనిసరి. సగం మంది ఆ ఆసుపత్రితో సంబంధం లేనివాళ్లు కావాలి, అధ్యక్షుడూ బయటివాడే కావాలి. 1889లో లేని తెలివి ఈ చివరి నిబంధనలో ఉంది. ట్రయల్ సురక్షితమా, న్యాయమా అని చూసే కమిటీకి ఈ నియమం పెట్టుకున్నప్పుడు, అసలు ఏ పరిశోధనకు డబ్బివ్వాలో తేల్చే కమిటీకి ఎందుకు పెట్టుకోకూడదు? డబ్బు కమిటీల్లోనూ ఒక సామాన్యుడికి కుర్చీ వేయాలని నా గట్టి అభిప్రాయం.

గొప్ప పేరున్నవాళ్లే మళ్లీ మళ్లీ కమిటీల్లో కనిపించడానికి ఒక మామూలు కారణం కూడా ఉంది. పిలిస్తే వచ్చేవాళ్లు తక్కువ. దరఖాస్తుల కట్ట చదవాలంటే రాత్రుళ్లు కూర్చోవాలి. ప్రభుత్వాసుపత్రి డాక్టరుకు ఓపీ ముగిసేసరికే సాయంత్రమవుతుంది. సెలవు దొరకదు, చేసిన పనికి పదోన్నతిలో లెక్క ఉండదు. ఈ పనిని డ్యూటీగా పరిగణించి, చదవడానికి రోజులు కేటాయించి, తగిన పారితోషికం ఇస్తే కొత్త ముఖాలు వస్తాయి. పదవీకాలానికి హద్దు పెట్టి, ఖాళీలను బహిరంగంగా ప్రకటిస్తే ఇంకా వస్తాయి. ఎవరో తెలిసినవాళ్లు ఫోన్ చేసి పిలిచే పద్ధతిలో, ఆ ఫోన్ నంబరు ఉన్నవాళ్లే వస్తారు.

కొత్తపేటలో ఒకప్పుడు పండ్ల మార్కెట్ ఉన్న చోట 1,000 పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. నగరానికి తూర్పున ఇంత పెద్ద ప్రభుత్వాసుపత్రి అంటే రోగులతో పాటు పరిశోధనా వస్తుంది, దానితో కమిటీలూ వస్తాయి. ఇటువైపు రిటైరైన టీచర్లు, నర్సులు, వకీళ్లు, బ్యాంకు ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. దీర్ఘకాలం జబ్బుతో బతికి దాని లోతుపాతులు తెలిసినవాళ్లూ ఉన్నారు. మీ దగ్గర్లో పరిశోధన జరిగే ఆసుపత్రికి వెళ్లి, ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యులుగా ఎవరున్నారో, ఖాళీ ఉందో అడగండి. సైన్సు చదవలేదని వెనకాడకండి. అర్థం కాని చోట ‘ఇది నాకు తెలుగులో చెప్పండి’ అని అడిగే మనిషి కోసమే చట్టం ఆ కుర్చీ వేసింది.